పాత డబ్బా - కొత్త ఎరువు



పొద్దున్నే వంట మొదలుపెడతాం. వంకాయ తొడిమలు తీస్తాం. ఉల్లిపాయ పొట్టు ఒలుస్తాం. టీ వడగడతాం. చింతపండు పిసికి పిప్పి పక్కన పెడతాం. వంట అయిపోతుంది. మరి ఆ తొక్కలు, ఆ పిప్పి ఏమవుతాయి?

గేదె ఉన్న ఇంట్లో కుడితి తొట్టిలో పడతాయి. అది మంచి పనే. తొక్క పాలై తిరిగి వస్తుంది. గేదె లేని ఇంట్లో మాత్రం కవరులో మూట కట్టి వీధి మూల పారేస్తాం. లేదా మురుగు కాలవలో వేస్తాం. అక్కడితో మన పని అయిపోయింది అనుకుంటాం.

నిజంగా అయిపోయిందా?

వీధి మూల కుప్ప

ఆ కుప్ప మీద ఈగలు ముసురుతాయి. అవే ఈగలు మన ఇంట్లోకి వస్తాయి. మూత లేని అన్నం మీద వాలతాయి. పసిపిల్ల చేతిలోని బిస్కెట్టు మీద వాలతాయి. ఈగ కాళ్లకు అంటిన మురికి తిండిలో కలుస్తుంది. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. ఆస్పత్రికి పరుగు. ఒకరోజు కూలి పోతుంది. మందులకు డబ్బు పోతుంది.

కాలవలో వేసిన తొక్కలు నీటికి అడ్డం పడతాయి. మురుగు నిలిచిపోతుంది. దోమలు పెరుగుతాయి.

కవరులో మూట కట్టామంటే ఇంకో బాధ. ఆవు వస్తుంది. దానికి తొక్క వాసన తెలుస్తుంది. ముడి విప్పుకోవడం దానికి రాదు. కవరుతో సహా మింగేస్తుంది. ఆ కవరు దాని కడుపులో అరగదు. పోగుపడి ప్రాణం మీదకు తెస్తుంది.

కొందరు కుప్పకు నిప్పు పెడతారు. తొక్కలతో పాటు కవర్లు కూడా కాలతాయి. ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులకు, ముసలివాళ్ల ఊపిరితిత్తులకు చేటు.

చూశారా! మనం పారేసిన తొక్క ఎక్కడికీ పోలేదు. ఈగగా, దోమగా, పొగగా మళ్లీ మన ఇంటికే వచ్చింది. ఎలాగూ వచ్చేదే అయితే, దాన్ని ఎరువుగా రప్పించుకుందాం.

ఇది మన పెద్దలు చేసిన పనే

మన ఊళ్లలో ప్రతి రైతు ఇంటికీ పెంటకుప్ప ఉండేది. పేడ, ఊడ్చిన చెత్త, పొయ్యిలో బూడిద, పశువులు తినగా మిగిలిన గడ్డి అందులో వేసేవారు. ఏడాది పొడుగునా అది మాగేది. ఎండాకాలంలో బండికెత్తి చేలకు తోలేవారు. వానలు పడేనాటికి నేల సిద్ధంగా ఉండేది.

ఈ పని చూసి పెద్ద శాస్త్రవేత్తలే నేర్చుకున్నారు. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లండు ఆయన 1924 నుంచి ఇండోరు పట్నంలో పనిచేశాడు. మన దేశపు రైతుల దగ్గర ఎన్నో విషయాలు నేర్చుకున్నాడు. చెత్త, పేడ పొరలు పొరలుగా వేసి ఎరువు చేసే పద్ధతి తయారుచేశాడు. యశ్వంత్ వాడ్ అనే మన శాస్త్రవేత్తతో కలిసి 1931లో దాని మీద పుస్తకం రాశాడు. దాన్ని 'ఇండోరు పద్ధతి' అంటారు. ఆ పేరు దేశదేశాలకూ పాకింది.

ఇప్పుడు మనలో చాలామందికి పశువులు లేవు. పెద్ద పెరడు లేదు. అయినా ఫరవాలేదు. పెంటకుప్ప పట్టని చోట ఒక డబ్బా పడుతుంది.

తొక్క మట్టి ఎట్లా అవుతుంది?

రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేస్తాం. తెల్లారేసరికి పెరుగు తోడుకుంటుంది. ఎవరు చేశారు ఆ పని? మజ్జిగలో కంటికి కనిపించని జీవులుంటాయి. వాటిని సూక్ష్మజీవులు అంటారు. అవే పాలను పెరుగు చేస్తాయి. ఇడ్లీ పిండి పొంగేదీ ఇలాంటి జీవుల వల్లే.

తొక్కను మట్టిగా మార్చేదీ సూక్ష్మజీవులే. అవి పేడలో ఉంటాయి. మట్టిలో ఉంటాయి. పాత ఎరువులో ఉంటాయి. పాలకు తోడు వేసినట్టే, తొక్కలకు గుప్పెడు పేడో, గుప్పెడు పాత ఎరువో తోడు వెయ్యాలి.

ఈ జీవులకు మనలాగే మూడు కావాలి. తిండి, నీరు, గాలి.

తిండి మన తొక్కలే. నీరు తొక్కల్లోనే ఉంటుంది. ఇక కావలసింది గాలి. గాలి అందకపోతే ఈ మంచి జీవులు చచ్చిపోతాయి. గాలి అక్కరలేని వేరే రకం జీవులు పెరుగుతాయి. వాటి వల్లే కుళ్లు కంపు వస్తుంది. మూట కట్టిన కవరు విప్పితే ముక్కు మూసుకునేది అందుకే.

కాబట్టి ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. గాలి ఆడితే ఎరువు. గాలి ఆడకపోతే కంపు. మిగతా పనులన్నీ ఈ మాట చుట్టూనే తిరుగుతాయి.

ఏ డబ్బా పనికొస్తుంది?

కొత్తగా ఏదీ కొనవద్దు. ఇల్లంతా ఒకసారి వెతకండి. చిల్లి పడిన బకెట్టు ఉంటుంది. అంచు పగిలిన కుండ ఉంటుంది. వంటనూనె అయిపోయిన 15 లీటర్ల డబ్బా ఉంటుంది. గోడలకు వేసిన రంగు ఖాళీ డబ్బా ఉంటుంది. వీటిలో ఏదైనా సరే. రంగు డబ్బా అయితే లోపల అంటిన రంగు గీకి, బాగా కడిగి ఎండబెట్టాలి.

ఒకటి మాత్రం ముట్టుకోవద్దు. పురుగుమందు డబ్బా. ఎన్నిసార్లు కడిగినా వద్దు. ఆ విషం ఎరువులో దిగుతుంది. ఎరువు నుంచి కూరలో దిగుతుంది.

డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే ఏం చెయ్యాలి? చదవండి! ఇప్పుడు మనకు చదవడం వచ్చు. డబ్బా మీద రాసింది కూడబలుక్కుని చదవండి. బొమ్మలు చూడండి. పురుగుమందు డబ్బా మీద ముగ్గు గడిలా ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కింది సగానికి రంగు వేసి ఉంటుంది. ఎరుపు ఉంటే అన్నిటికన్నా ఘోరమైన విషం. దాని మీద పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. ఎరుపు తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆ తర్వాత ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంది కదా అని మోసపోవద్దు. అదీ విషమే, కాస్త తక్కువ విషం, అంతే. ఏ రంగు ఉన్నా ఆ డబ్బా మన ఇంటికి వద్దు. కాగితం ఊడిపోయి ఏమీ తెలియని డబ్బా కూడా వద్దు.

డబ్బా తయారు చేద్దాం

కావలసినవి: పాత బకెట్టు లేదా డబ్బా, దానికి మూత, మేకు, సుత్తి, రెండు ఇటుకలు, పాత పళ్లెం, చినిగిన దోమతెర ముక్క, గుప్పెడు పేడ లేదా పాత ఎరువు, ఎండుటాకులు.

1. డబ్బా అడుగున అయిదారు చిల్లులు పెట్టాలి. పెన్సిలు దూరేంత చిల్లు చాలు. ఎక్కువైన నీరు వీటిలోంచి కారిపోతుంది.

2. డబ్బా చుట్టూ కూడా చిల్లులు పెట్టాలి. చిల్లుకూ చిల్లుకూ మధ్య బెత్తెడు దూరం ఉండాలి. కింది నుంచి పై దాకా మూడు నాలుగు వరసలు వస్తాయి. గాలి వీటిలోంచే ఆడుతుంది.

ఇనుప డబ్బా అయితే మేకు, సుత్తి సరిపోతాయి. బయటి నుంచి లోపలికి కొట్టాలి. అప్పుడు పదును అంచులు చేతికి తగలవు. ప్లాస్టిక్ బకెట్టు అయితే మేకును పటకారుతో పట్టి, పొయ్యిలో కాల్చి గుచ్చాలి. ఈ పని ఆరుబయట చెయ్యాలి. ఆ పొగ పీల్చకూడదు. పిల్లల్ని దగ్గరకు రానివ్వకూడదు. కుండ అయితే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. తర్వాత మేకు మొన ఆనించి మెల్లగా తిప్పాలి. సుత్తితో కొడితే పగులుతుంది.

3. డబ్బా బయట దోమతెర ముక్క చుట్టి దారంతో కట్టాలి. గాలి వెళుతుంది. ఈగ వెళ్లదు.

4. చూరు కింద, నీడలో రెండు ఇటుకలు పెట్టాలి. వాటి మధ్య పళ్లెం పెట్టాలి. ఇటుకల మీద డబ్బా నిలబెట్టాలి. వాన నీళ్లు లోపల పడకూడదు.

5. డబ్బా అడుగున నాలుగు వేళ్ల ఎత్తు ఎండుటాకులు, కొబ్బరి పీచు పరవాలి. దాని మీద గుప్పెడు పేడ లేదా పాత ఎరువు చల్లాలి. పేడ దొరకకపోతే చెట్టు కింది మట్టి, కాస్త పులిసిన మజ్జిగ కలిపి చల్లండి.

అంతే. డబ్బా సిద్ధం.

ఏం వెయ్యాలి? ఏం వెయ్యకూడదు?

వెయ్యవలసినవి రెండు రకాలు.

తడివి: కూరగాయల తొక్కలు, తొడిమలు, అరటి తొక్కలు, ఆకుకూరల కాడలు, వాడిన టీ పొడి, దేవుడి దగ్గర వాడిపోయిన పూలు, నలిపిన కోడిగుడ్డు పెంకులు.

పొడివి: ఎండుటాకులు, ఎండుగడ్డి, ఊక, రంపపు పొట్టు, చింపిన పాత వార్తాపత్రిక ముక్కలు, కొబ్బరి పీచు.

వెయ్యకూడనివి: ప్లాస్టిక్, గాజు, బ్లేడ్లు, మందు బిళ్లలు, బ్యాటరీలు, నెలసరి ప్యాడ్లు, పిల్లల డైపర్లు. వీటిలో ఏదీ వద్దు. మాంసం, చేప ముళ్లు, ఎముకలు, పాలు, నూనె, నూనె కూరలు కూడా వద్దు. వీటికి కంపు వస్తుంది, ఎలుకలు వస్తాయి.

మిగిలిన అన్నం? అన్నం మిగలకుండా వండుకోవడమే మేలు. ఎప్పుడైనా పిడికెడు మిగిలితే నీళ్లు పిండేసి వెయ్యవచ్చు. దాని మీద పొడిది ఎక్కువగా వెయ్యాలి. నిమ్మ తొక్కలు, చింతపండు పిప్పి కొంచెం కొంచెంగా వెయ్యాలి. పులుపు ఎక్కువైతే మన జీవులకు పడదు.

2016లో కేంద్ర ప్రభుత్వం చెత్త గురించి నియమాలు తెచ్చింది. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చెయ్యాలని అందులో చెప్పింది. తడిది మన డబ్బాలో వేసుకుంటే, సగం పని ఇంట్లోనే అయిపోతుంది.

రోజూ ఎంత పని?

అయిదు నిమిషాల పని.

తొక్కలు పెద్దగా ఉంటే కత్తిపీటతో ముక్కలు చెయ్యండి. చిన్న ముక్క తొందరగా మాగుతుంది. వాటిని డబ్బాలో వెయ్యండి. తడిది ఒక గిన్నెడు వేస్తే, పొడిది కూడా ఒక గిన్నెడు వెయ్యండి. వానాకాలంలో గిన్నెన్నర వెయ్యండి. తొక్క పైకి కనిపించకూడదు. మూత పెట్టి, మూత మీద ఒక రాయి పెట్టండి.

వారానికి రెండుసార్లు కర్రతో అడుగు నుంచి పైకి కలపండి. గాలి అందుతుంది. ఒక్కోసారి లోపల వెచ్చగా ఉంటుంది. భయపడవద్దు. మన జీవులు పని చేస్తున్నాయని అర్థం.

తడి ఎంత ఉండాలో చేత్తో తెలుసుకోవచ్చు. గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ముద్ద కట్టాలి. నీళ్లు మాత్రం కారకూడదు. చపాతీ పిండి కలిపేవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పక్కరలేదు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. చేతికి గాయం ఉంటే ముట్టుకోవద్దు.

చిక్కు వస్తే?

"కంపు కొడుతోంది. మా అత్త పారేయమంటోంది" అంటారు కొందరు. పారేయవద్దు. తడి ఎక్కువైంది, గాలి తగ్గింది, అంతే. ఊకో, ఎండుటాకులో రెండు గిన్నెలు వేసి బాగా కలపండి. రెండు మూడు రోజుల్లో కంపు తగ్గుతుంది.

"తెల్లటి పురుగులు వచ్చాయి." అవి తొక్కలు తినే పురుగులే. చెట్టుకు హాని చెయ్యవు. పొడిది పైన మందంగా కప్పండి. మూత బిగించండి.

"చీమలు పట్టాయి." బాగా ఎండిపోయింది. నీళ్లు చిలకరించి కలపండి.

"నెల దాటినా తొక్క తొక్కలాగే ఉంది." తోడు చాలలేదు, లేదా తడి చాలలేదు. గుప్పెడు పేడ నీళ్లలో కలిపి చల్లండి.

పళ్లెంలో నల్లటి నీరు దిగుతుంది. దాన్నీ పారబోయవద్దు. ఒక గ్లాసుకు పది గ్లాసుల మంచినీళ్లు కలిపి పూల మొక్కల మొదట్లో పోయండి. ఆకుకూరల ఆకుల మీద మాత్రం పోయవద్దు.

మూడు డబ్బాల లెక్క

నలుగురైదుగురు ఉన్న ఇంట్లో ఒక బకెట్టు నిండడానికి నెల దాకా పట్టవచ్చు. నిండాక మాగడానికి ఇంకో రెండు నెలలు. మరి ఆ రెండు నెలలు తొక్కలు ఎక్కడ వెయ్యాలి? అందుకే మూడు డబ్బాలు ఉంటే మేలు.

డబ్బాల మీద 1, 2, 3 అని సుద్దతో రాయండి. మొదలుపెట్టిన తేదీ, నిండిన తేదీ కూడా రాయండి. ఇట్లా:

డబ్బా 1: జనవరిలో నింపాలి. మార్చి నెలాఖరుకు ఎరువు.
డబ్బా 2: ఫిబ్రవరిలో నింపాలి. ఏప్రిల్ నెలాఖరుకు ఎరువు.
డబ్బా 3: మార్చిలో నింపాలి. మే నెలాఖరుకు ఎరువు.

ఏప్రిల్ 1న మొదటి డబ్బా ఖాళీ చెయ్యండి. మళ్లీ నింపడం మొదలుపెట్టండి. ఇక ఏ నెలకు ఆ నెల ఎరువు చేతికి వస్తుంది. ఈ లెక్క రాసి పెట్టుకున్నవాళ్లకే కుదురుతుంది. నోటి లెక్క అయితే ఏ డబ్బా ఎప్పుడు నిండిందో మరిచిపోతాం. చూశారా, మనం నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఇక్కడ పనికొచ్చాయి!

ఎరువు అయిందా, లేదా?

నిండా వేసిన డబ్బా సగం కన్నా కిందికి దిగిపోతుంది. రంగు నల్లగా మారుతుంది. ఏది తొక్కో, ఏది ఆకో తెలియదు. చెయ్యి పెడితే వేడి ఉండదు. తొలకరి వాన పడ్డప్పుడు వచ్చే మట్టి వాసన వస్తుంది.

ఇంకా అనుమానం ఉంటే పరీక్ష చెయ్యండి. కొబ్బరి చిప్పలో కాస్త ఎరువు తీసి నాలుగు మెంతులు వెయ్యండి. తడి ఆరకుండా చూడండి. నాలుగైదు రోజుల్లో మొలిస్తే ఎరువు అయినట్టే. మొలవకపోతే ఇంకో పదిహేను రోజులు ఆగండి.

అయిన ఎరువును జల్లెడ పట్టండి. పైన మిగిలిన ముక్కలను కొత్త డబ్బాలో తోడుగా వెయ్యండి. కుండీలో మొక్క పెట్టేటప్పుడు రెండు పాళ్లు మట్టికి ఒక పాలు ఎరువు కలపండి. ఎదిగిన మొక్కకు నెలకొకసారి రెండు గుప్పెళ్లు మొదట్లో వేసి మట్టి కప్పండి.

ఒక నిజం చెప్పుకోవాలి. ఈ డబ్బా ఎరువు ఎకరం పొలానికి చాలదు. యూరియా బస్తాకు బదులు కాదు. కానీ పెరటి మడికి చాలు. పాత గంపలో వేసిన తోటకూరకు చాలు. తోటకూర విత్తిన నెల లోపే కోతకు వస్తుంది. తర్వాత బచ్చలి, గోంగూర, మిరప, బీరపాదు, ఏదైనా పెట్టుకోవచ్చు.

ఆకుకూర మనకు ఎందుకు ముఖ్యం? 2019-21లో దేశమంతా ఆరోగ్య సర్వే చేశారు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ప్రతి 100 మందికీ 57 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. సగం కన్నా ఎక్కువమందిమి! ఇంటిల్లిపాదికీ వడ్డించి, చివర మిగిలింది తినేది మనమే కదా. ఆకుకూరలో ఇనుము ఉంటుంది. కూరలో నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రక్తం బాగా తక్కువైతే కూర ఒక్కటే చాలదు. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు కూడా వేసుకోవాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. పెరటి ఆకుకూర మాత్రం తప్పకుండా పనికొస్తుంది. మీ పళ్లెంలోనూ వేసుకోండి.

ఇది ఎవరి పని?

"ఇప్పటికే ఊపిరాడని పని. ఇంకోటి నెత్తిన పెట్టుకోవాలా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

తొక్కలు మనం ఒక్కళ్లమే తిన్న కూరవి కావు. ఇంట్లో అందరూ తిన్నవి. కాబట్టి పనీ అందరిదీ. చిల్లులు పెట్టడం మగవాళ్లు చెయ్యవచ్చు. ఎండుటాకులు ఏరడం పిల్లలు చెయ్యవచ్చు. డబ్బా కలపడం ఆదివారం ఒకరు, గురువారం ఒకరు వంతు వేసుకోవచ్చు. ఎవరి వంతు ఏ రోజో గోడ మీద రాయండి. రాసి ఉన్న మాటను కాదనడం కష్టం.

అద్దె ఇల్లా? డబ్బా మీతో పాటు వస్తుంది. పెరడు లేదా? మెట్ల కింద పెట్టుకోండి. మొక్కలకు చోటు లేదా? ఎరువు పక్కింటివాళ్లకు ఇవ్వండి. వాళ్ల పాదు కాస్తే నాలుగు బీరకాయలు మీకూ వస్తాయి. చెత్త దగ్గర పోట్లాడుకున్న ఇళ్లే కూరగాయలు ఇచ్చిపుచ్చుకుంటాయి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ వీధి మూల కుప్పలో ఏమేం కనిపిస్తున్నాయి? వాటిలో ఎరువు కాగలిగినవి ఏవి?
2. డబ్బాకు చిల్లులు ఎందుకు పెట్టాలి?
3. పురుగుమందు డబ్బాను ఎట్లా గుర్తుపడతారు?
4. కంపు వస్తే ఏం చెయ్యాలి?

చేసి చూడండి

వారం రోజులు మీ ఇంటి తొక్కలను రోజూ తూచండి. తేదీ వేసి, ఎంత బరువో పుస్తకంలో రాయండి. వారం చివర కూడండి. ఆ లెక్కను మీ సంఘం మీటింగులో చదివి వినిపించండి. పది ఇళ్ల లెక్క కలిపి చూడండి. మీ వీధి నెలకు ఎంత మట్టిని పారేస్తోందో తెలుస్తుంది.